బల్ల మీద రెండుసార్లు

ఇరవై ఆరేళ్ళు ఆయన మాటలు నా చేతిరాతలో ఉండేవి.
కెమెరా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
నల్ల మార్కరుతో రాసిన అట్టలు
ఒక్కొక్కటే కిందికి జార్చేవాణ్ణి.
ఆయన చూసేది నా చేతుల్లోకి.
దేశమంతా తమ కళ్ళలోకే అనుకుంది.

హాల్వర్ స్టెన్‌రుడ్. షికాగో. రాత్రి పదకొండు ముప్ఫై ఐదు.
అంతకుముందు అయోవాలో, ఒక చిన్న రేడియోలో
తెల్లారకముందే ధాన్యం ధరలు చదివేవాడట.
"మొక్కజొన్న" అని ఆగేవాడట.
ఆ ఆగడంలో మూడు జిల్లాల రైతులు
కాఫీ కప్పు పెదాల దగ్గరే నిలిపేసేవారట.
"కొలత అక్కడ నేర్చుకున్నా, ఇగ్గీ.
ధర వినేముందు మనిషి ఎంతసేపు ఊపిరి బిగబట్టగలడో
జోకు ముందు అంతే ఆగాలి."

మా అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం.
బేకరీలో పొద్దున మూడింటికి పని,
అయినా ఆయన్ని చూడకుండా పడుకునేది కాదు.
ఆయన ఆగితే తనూ ఆగేది,
జనం నవ్వితే తనూ నవ్వేది,
తర్వాత పోలిష్‌లో నన్నడిగేది: "ఏమన్నాడ్రా?"

ఇక ఇది చెప్పాలి.
ఈరీ ఊళ్ళో డోరిన్ పల్కోవిచ్ అనే ఆవిడ
లాటరీ గెలిచిన టికెట్టుని
ఏప్రన్ జేబులోనే ఉంచి వాషింగ్ మెషీన్‌లో వేసింది.
పేపర్లో నాలుగు లైన్ల వార్త.
మేం ఐదు రాత్రులు వాడుకున్నాం.
ఐదో రాత్రికి ఆవిడ పేరు కూడా అక్కర్లేకపోయింది,
"సబ్బు" అంటే చాలు, హాలు హాలంతా పగలబడి నవ్వేది.
ఆ మాట అట్ట మీద జానెడు అక్షరాలతో రాసింది నేనే.
సున్నా గుండ్రంగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఉత్తరం వచ్చింది. రూళ్ళ కాగితం, పెన్సిలు.
"అయ్యా, మీరు రోజూ రాత్రి మా ఇంట్లోకి వస్తున్నారు.
ఒక్కసారైనా తలుపు తట్టారా?"

మెడ చుట్టూ టిష్యూ కాగితాలతో,
సగం మేకప్‌తో చదివాడు.
మడిచి, డ్రాయర్లో పెన్సిళ్ళ కింద పెట్టాడు.
క్షమాపణ చెప్పలేదు. అది నేను దాచను.
ఆ రాత్రి మాత్రం మొదటి జోకు ముందు
వేలి కణుపులతో బల్ల మీద
రెండుసార్లు తట్టాడు.

డ్రమ్ములవాడు అదేదో సైగ అనుకుని ఒక దెబ్బ వేశాడు.
జనం నవ్వారు.
అంతే, అది ఆయన ముద్ర అయి కూర్చుంది.
టీషర్టుల మీద పిడికిలి బొమ్మ.
ఒక ప్రొఫెసరు దాని లయ మీద నలభై పేజీలు రాశాడు.
ఎవరడిగినా "మంచి కర్ర" అనేవాడు, అంతకుమించి పెదవి విప్పేవాడు కాదు.
గవర్నర్ల మీదా సెనేటర్ల మీదా వేసేటప్పుడు
ఆయన తట్టేవాడు కాదు.
నేరుగా లోపలికి నడిచి వెళ్ళేవాడు.
నలభై పేజీల్లో ఆ సంగతి లేదు.

పోయిన ఫిబ్రవరిలో, సరస్సు గడ్డకట్టిన వారం, పోయాడు.
ఇప్పుడు ఏ చానల్ తిప్పినా ఆయన పిల్లలే.
ఆ ఆగడం, ఆ టై సవరించుకోవడం,
బల్ల మీద ఆ రెండు దెబ్బలు.
ఒకడిది గాజుబల్ల, ఉంగరంతో కొడతాడు.
మొన్న ఒకడు చక్కగా తట్టి,
స్కూలు నాటకంలో మాట మరిచిపోయిన పిల్ల వీడియో వేసి
ఆరు నిమిషాలు ఆడుకున్నాడు.
తట్టడం వచ్చింది పాపం.
తట్టాక గుమ్మంలో నిలబడాలని
వాడికి ఎవరు చెప్తారు? నేను చెప్పానా?

నా వేళ్ళకింకా మార్కరు వాసన పోలేదు.
గదిలో దీపం తీసేసి కూర్చుంటాను.
పదకొండు ముప్ఫై ఐదు.
టక్, టక్.

వెంటనే "రండి" అనను.
కాసేపు ఆగుతాను.
ధర ఎంతో
ముందు విననీ.